చర్ల కాంటా గదిలో కదిలిన బాణం

దయ్యాల మాట నేనెప్పుడూ నమ్మలేదు. అందుకు పెద్ద ధైర్యమేమీ అవసరం కాలేదు, లెక్క వేసి చూడటం చాలింది. నేను ఇల్లందు బొగ్గుగని కాలనీలో పెరిగాను. పాత గని దగ్గర చనిపోయిన కార్మికుడి దీపం తిరుగుతోందని ఎవరైనా అంటే, ఆ రోజు ఎవరికి ఏ షిఫ్టు పడింది, ఆ దారిన ఇంటికి వెళ్లేదెవరు అని అడిగి, దీపం ఎవరిదో తేల్చేసేవాణ్ణి. తేల్చినందుకు ఎవరూ సంతోషించేవారు కాదు.

కాబట్టి ఇప్పుడు రాస్తున్నదాన్ని కథగా చదవవద్దు. నాకు తేలని లెక్కగా చదవండి. ఎవరికైనా తేలితే మంచిదే.

కొత్తగూడెంలో మిర్చి, పత్తి, మక్కలు కొనే ఒక సేటు దగ్గర నేను పనిచేస్తాను. మాకు జూలూరుపాడు, చండ్రుగొండ, చర్లలో కొనుగోలు కేంద్రాలున్నాయి. ఒక్కోచోట ఒక కాంటా ఉంది. లారీ మొత్తం ఎక్కి నిలబడితే బరువు చూపించే పెద్ద తూకం అది. పక్కన చిన్న గది, అందులో కంప్యూటరు, ఒక ఆపరేటరు. బరువు కంప్యూటరులోకి వస్తుంది, స్లిప్పు అచ్చవుతుంది. స్లిప్పు చేతికి రాకుండా లారీ కదలదు.

ఆ స్లిప్పులు సరిచూసే గుమాస్తాగా చేరాను. ఇంటర్ మధ్యలో ఆపేసినవాణ్ణి. హెచ్చవేతలు, తరుగులు, శాతాలు నోటితోనే చేస్తాను. కంప్యూటరు కూడా ఎవరూ నేర్పలేదు. ఆఫీసు మూసే ముందు రోజూ కాసేపు కూర్చుని, తప్పులు చేస్తూ, ఆ తప్పులు రాసుకుంటూ నేర్చుకున్నాను.

కానీ మా దగ్గర కంప్యూటర్లంటే ఖలీల్. ఖమ్మంలో గడియారాలు బాగుచేసే కుటుంబం వాళ్లది. నా ఈడువాడే. కాంటా నుంచి బరువు తీసుకుని స్లిప్పు కొట్టే ప్రోగ్రామును అతనే రాశాడు. అందులో రెండు తప్పులున్నాయని చేరిన కొత్తలోనే నేను చూపించాను. నవ్వి, దిద్దుకుని, నా భుజం తట్టి, మర్నాడు అందరికీ ఆ సంగతి తానే చెప్పాడు. అందరూ అతని మంచితనాన్నే మెచ్చుకున్నారు. తప్పు పట్టింది నేనన్నది ఎవరికీ గుర్తులేదు.

నాకు అసూయ ఉండేదా అంటే, ఉండేది. ఇప్పటికీ ఉంది.

చర్ల నుంచి అతనికి తేనె సీసాలు, కూర వండుకునే లేత వెదురు కొమ్ములు వచ్చేవి. నాకు స్లిప్పుల కట్టలు వచ్చేవి. రెండూ ఒకే బస్సులో, ఒకే సంచిలో వచ్చేవి.

ఖలీల్ పని చేసే పద్ధతి ఒకటి చెప్పాలి. అతను కొత్తగూడెంలో కూర్చునే, దూరం నుంచి ఆ కంప్యూటర్లను నడిపేవాడు. అక్కడ తెర మీద బాణం గుర్తు తనంతట తాను కదులుతుంది. అయితే లారీ కాంటా ఎక్కినప్పుడు గది అదురుతుంది. బల్ల మీది మౌస్ జరిగి బాణం ఎటో పోతుంది. అందుకని పని మొదలుపెట్టే ముందు మౌస్‌ను వెల్లకిలా తిప్పి పెట్టమనేవాడు. "భాయ్ వస్తుండు, ఎలుకను పండబెట్టు" అని మూడు కాంటాల్లోనూ అదొక నవ్వులాట అయిపోయింది.

బాణం వచ్చిందంటే అది ఖలీలే అని ఇట్టే తెలిసిపోయేది. ముందు తెర మూలన ఉన్న గడియారం దగ్గరికి వెళ్లి ఒక్క క్షణం ఆగేది. ఆ తర్వాతే పని. గడియారాల ఇంట్లో పుట్టినవాడి అలవాటు.

పోయిన వానాకాలంలో ఖలీల్ గుండెపోటుతో చనిపోయాడు. మూడు కేంద్రాల నుంచీ జనం వచ్చారు. కాంటా వాళ్లు, హమాలీలు, లారీ డ్రైవర్లు, చర్ల అవతలి గూడేల నుంచి కొందరు రైతులు. కబరస్తాన్‌లో నిలబడి, నేను పోతే ఇందులో ఎందరు వస్తారని లెక్కపెట్టడం మొదలుపెట్టాను. మధ్యలోనే ఆపేశాను.

ఆ తర్వాత కంప్యూటర్ల పని నాకు వచ్చింది. సీజన్ ముందు పాత యాంటీవైరస్ గడువు అయిపోయింది. సేటు హైదరాబాదు డీలరుతో మాట్లాడి కొత్త సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ తెప్పించాడు. నేనే మూడు చోట్లకూ తిరిగి పాతది తీసి కొత్తది వేశాను. ఖలీల్ దూరం నుంచి నడపడానికి వాడిన సాఫ్ట్‌వేరునూ తీసేశాను, అటువంటివి ఉంటే కొత్తది ఒప్పుకోదని డీలరు చెప్పాడు. ఇక అన్ని కంప్యూటర్ల కాపలా కొత్తగూడెంలో నా కంప్యూటరు నుంచే. దాని పాస్‌వర్డ్ నేను పెట్టాను. ఒక పెద్ద హెచ్చవేత జవాబు అది. ఎక్కడా రాయలేదు, ఎవరికీ చెప్పలేదు.

మర్నాటి నుంచే ఎర్ర డబ్బాలు మొదలయ్యాయి. తెర మధ్యలో ఎర్రటి పెట్టె వచ్చి, ప్రమాదకరమైన ఫైలు దొరికింది, బంధించాం అంటుంది. బంధించింది దేన్ని? ఖలీల్ రాసిన కాంటా ప్రోగ్రామును. అది వైరస్ కాదని నాకు తెలుసు. కానీ కొత్త కాపలాదారుకు ఇంట్లోవాడెవరో, దొంగెవరో తెలియలేదు. స్లిప్పులు ఆగిపోయాయి. లారీలు గేటు బయట రోడ్డు దాకా నిలిచిపోయాయి.

నేను ఇక్కణ్ణుంచి పాస్‌వర్డ్ కొట్టి ఆ ఫైలును విడిపిస్తే మళ్లీ పనిచేసేది. అయితే చర్ల ఇంటర్నెట్ లైను మరీ బలహీనం. ఒక్కసారి విడిపించడానికి మనిషి తీరిగ్గా భోజనం చేసేంత సేపు పట్టేది. పూట గడిస్తే మళ్లీ అదే ఎర్ర డబ్బా. ఇది మనదే, ముట్టుకోవద్దని సాఫ్ట్‌వేరుకు చెప్పే వీలుంది, ఆ మినహాయింపు పెట్టాను. ఒక పూట ఊరుకునేది, మరో పూటకు మళ్లీ పట్టుకునేది.

సేటు పిలిపించాడు.

"ఏంది మల్లేశం, సీజన్ల గిట్ల లారీలు ఆగితే ఎట్ల? ఖలీల్ ఉన్నప్పుడు ఒక్కనాడన్న గిట్లయిందా?"

"ఇది వేరే సమస్య సేట్. సాఫ్ట్‌వేర్ మార్చినం కాబట్టి..."

"అవన్ని నాకు తెల్వయ్. శివరాత్రి దాక చూస్త. అప్పటికీ ఆగకపోతే హైదరాబాదోళ్లకే అప్పజెప్త. నువ్వు మళ్ల స్లిప్పులు చూసుకో."

స్లిప్పులు చూసుకోవడం తప్పు పని కాదు. కానీ ఇన్నేళ్లకు చేతికి వచ్చిన కుర్చీ అది. ఖలీల్ లేకపోతేనే వచ్చింది, ఖలీల్ పేరు చెప్పే పోయేలా ఉంది.

అప్పుడే ఒక విచిత్రం జరిగింది. కాంటాల నుంచి ఫోన్లు ఆగిపోయాయి. మొదట జూలూరుపాడు, తర్వాత చండ్రుగొండ, ఆఖరుకు చర్ల. నా మినహాయింపు పనిచేసిందనుకుని సంబరపడ్డాను. కంప్యూటరు తెరిచి చూస్తే ఎర్ర డబ్బాలు ఎప్పటిలాగే వస్తున్నాయి. వచ్చిన కాసేపటికే ఫైలు విడుదల అవుతోంది. విడిపించినవారు ఎవరన్న చోట నా పేరుంది. నేను వాటిలో ఒక్కటీ విడిపించలేదు.

పొరపాటున ఏదో దానంతటది జరిగేలా పెట్టానేమోనని అన్నీ వెతికాను. లేదు. జూలూరుపాడు ఆపరేటరు యాదగిరికి ఫోన్ చేశాను.

"ఎర్ర డబ్బా వస్తలేదా యాదగిరీ?"

"వస్తుంది సార్. భాయ్ వచ్చి తీసేస్తుండు."

"ఏ భాయ్?"

"మనకు ఎంతమంది భాయ్‌లున్నరు సార్?" అన్నాడు.

భయం తర్వాత వచ్చింది. ముందు ఒళ్లు మండింది. బతికుండగా సరిపోలేదా అనిపించింది.

వీళ్లే ఏదో చేస్తూ నన్ను ఆటపట్టిస్తున్నారనుకున్నాను. స్వయంగా చూడాలని చర్లకు బయలుదేరాను. వెళ్లే ముందు నా కంప్యూటరు ఆపి, గోడ నుంచి ప్లగ్గు పీకి, గదికి తాళం వేశాను. తాళంచెవి చొక్కా జేబులో పెట్టుకున్నాను. వేరే తాళంచెవి లేదు. మధ్యలో పోలీసులు బస్సు ఆపి సంచులు చూసినప్పుడు కూడా జేబు తడిమి చూసుకున్నాను.

చర్ల కాంటా ఆపరేటరు భద్రమ్మ. దగ్గరలోని అడవి గూడెం మనిషి. ఇంటివాళ్లది పోడు వ్యవసాయం. ఆమెకు కంప్యూటరు నేర్పింది ఖలీలే, అదీ ఫోనులోనే. తేనె సీసాలు పంపింది ఈమే.

నేను వెళ్లేసరికి పట్టపగలు, మిర్చి బస్తాల లారీ ఒకటి కాంటా ఎక్కుతోంది. రైతులు గది కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. నేను కుర్చీ లాక్కుని భద్రమ్మ పక్కన కూర్చున్నాను. రెండు లారీలు సజావుగా పోయాయి. మూడోదానికి ఎర్ర డబ్బా వచ్చింది.

భద్రమ్మ కంగారు పడలేదు. మౌస్‌ను వెల్లకిలా తిప్పింది. దాని అడుగున ఎర్ర లైటు పైకి వెలుగుతోంది. ఆమె రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది.

"జర దూరం జరుగుండ్రి సార్. అన్నకు గాలాడాలె" అంది, నవ్వుతూ.

బాణం కదిలింది. ముందు తెర మూలకు వెళ్లి గడియారం దగ్గర ఆగింది. ఆ తర్వాత ఎర్ర డబ్బా మీదికి వచ్చింది. పాస్‌వర్డ్ అడిగే గడి తెరుచుకుంది. అందులో నల్లచుక్కలు ఒక్కొక్కటిగా పడ్డాయి, ఒంటి వేలితో కొట్టేవాడు కొట్టినట్టు. నేను చుక్కలు లెక్కపెట్టాను. నా పాస్‌వర్డ్‌లో ఎన్ని అంకెలున్నాయో అన్నే. ఫైలు విడుదలైంది. స్లిప్పు అచ్చయింది. భద్రమ్మ దాన్ని చింపి కిటికీలోంచి ఇచ్చింది. నేను చేతి గడియారం చూసుకుని సమయం గుర్తుపెట్టుకున్నాను.

వెల్లకిలా ఉన్న మౌస్ మీద ఈగ వాలినా, దుమ్ము పడినా బాణం అదరవచ్చు. అది నాకు తెలుసు. కానీ ఈగ పాస్‌వర్డ్ కొట్టదు. కీబోర్డు మా ఇద్దరి ముందే ఉంది. దాని మీద ఎవరి చేయీ లేదు. పాత రిమోట్ సాఫ్ట్‌వేరు ఏమైనా మిగిలిందేమోనని అక్కడికక్కడే వెతికాను. లేదు.

మధ్యాహ్నం తర్వాత మళ్లీ వచ్చింది ఎర్ర డబ్బా. ఈసారి నెట్‌వర్కు తీగ పీకి చూడాలని చేయి చాపాను. ఎందుకో వెనక్కి తీసుకున్నాను. నాకు వేరే పరీక్ష చేయాలనిపించింది. భద్రమ్మను బయటికి వెళ్లమన్నాను. ఆమె కుర్చీలో నేను కూర్చుని, మౌస్‌ను నేనే తిప్పి పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకున్నాను.

బాణం కదల్లేదు.

కూర్చున్నాను. బయట లారీ హారన్ కొట్టింది. డ్రైవరు ఏదో తిట్టాడు. ఇరవై ఏళ్లు ఒకే గదిలో, ఎదురెదురు బల్లల దగ్గర పనిచేశాం. ఒక టిఫిన్ డబ్బాలో తిన్నాం. అతని ఫోను స్వరం మాత్రమే ఎరిగినవాళ్లకు వస్తున్నాడు. నా దగ్గరికి రావడం లేదు. అప్పుడు నాకు కలిగినదాన్ని భయం అనలేను. చిన్నప్పుడు ఆటలో రెండు జట్లూ ఎంచుకోగా మిగిలిపోయిన పిల్లవాడికి ఏముంటుందో అది.

భద్రమ్మ తలుపు దగ్గరికి వచ్చి చూసింది.

"రాలేదా సార్?"

"రాలేదు."

"మీరు గట్ల గుడ్లురిమి చూస్తే ఎవలొస్తరు? లేవుండ్రి. లారాయన బూతులు మాట్లాడుతుండు."

నేను లేచాను. ఆమె కూర్చుంది. కుర్చీ సర్దుకుంటుండగానే బాణం మూలకు వెళ్లి, గడియారం దగ్గర ఆగి, పనిలోకి దిగింది.

"చూసిండ్రా?" అంది భద్రమ్మ. ఆమె గొంతులో గర్వం ఉంది. నేను బయటికి వెళ్లి బస్తాల నీడలో నిలబడ్డాను. ఘాటుకు తుమ్ములు, కళ్లవెంట నీళ్లు. మిర్చి సీజన్లో అవి ఎవరికైనా వస్తాయి.

తిరిగి వచ్చాక నా చేత్తోనే తాళం తీశాను. ప్లగ్గు పీకినచోటే వేలాడుతోంది. కంప్యూటరు పెట్టి చూశాను. చర్లలో నేను గడియారం చూసుకున్న సమయానికే ఫైలు విడుదలైనట్టు నమోదై ఉంది. విడిపించినవారి పేరు నాది. విడిపించిన కంప్యూటరు కూడా నాదే, ఆ గదిలో కరెంటు లేకుండా ఉన్నదే.

డీలరు దగ్గరి ఇంజనీరుకు ఫోన్ చేశాను. కంప్యూటరు గడియారం తప్పు చూపించి ఉంటుందన్నాడు. చూశాను, సరిగ్గానే ఉంది. పాస్‌వర్డ్ ఎవరికో తెలిసి ఉంటుందన్నాడు. మార్చాను, ఇంకో పెద్ద హెచ్చవేత పెట్టాను. మర్నాడూ ఎర్ర డబ్బాలు వచ్చాయి, నా పేరుతోనే పోయాయి. నేనే చేసి మరిచిపోతున్నానేమోనని దవాఖానాకు వెళ్లి తల చూపించుకున్నాను. నిద్ర తక్కువైందన్నారు. సరే, నిద్ర తక్కువే. కానీ చర్లలో రెండుసార్లు మెలకువగా, భద్రమ్మ పక్కన ఉన్నాను.

శివరాత్రి దగ్గర పడగానే సేటు పిలిచాడు. డీలరు పంపిన నివేదిక బల్ల మీద ఉంది. పై నుంచి కింది దాకా నా పేరు.

"ఓరి నీ! నువ్వు గింత పనోనివని ఇన్నేండ్లు నాకు తెల్వకపాయె మల్లేశం. లారీ ఆగుడే లేదట గదా. హైదరాబాదాయన గూడ అడిగిండు, ఈ మనిషెవరని."

"అవి నేను చేసినవి కావు సేట్" అన్నాను.

సేటు పగలబడి నవ్వాడు. "ఖలీల్ గూడ గంతే అంటుండె. 'నేనేం జెయ్యలే సేట్, దానంతటదే అయింది' అని. మీ కంప్యూటరోళ్లందరు ఒక్కతీరే."

ఇంకోసారి చెప్పాను, చర్లలో చూసింది సహా. సేటు సగంలోనే ఫోను ఎత్తి మూడు కాంటాలకూ మాట్లాడాడు. ఆ ఎర్ర డబ్బాలు తీసింది మల్లేశమేనని, ఇక నుంచి ఏమొచ్చినా అతనికే చెప్పమని. నన్ను మెచ్చుకుంటూ ఒక మనిషి మూడు ఊళ్లకు ఫోన్ చేయడం నా జీవితంలో అదే మొదటిసారి. అందులో ఒక్క మాటా నాకు చెందింది కాదు.

ఆ వారమే అసలు కారణం పట్టుకున్నాను. అది మాత్రం నేనే. ఖలీల్ తన ప్రోగ్రాములో ఒక చిత్రమైన పని చేసి పెట్టాడు. ప్రతి పూటా ఆఖరి స్లిప్పు నంబరును ఆ ప్రోగ్రాము తన ఫైలులోనే దాచుకుంటుంది. అంటే ఫైలు పూటకోసారి కొద్దిగా మారుతుంది. నేను ఈ పూట ఫైలు ముఖం చూపించి, ఇతను మనవాడే అని కాపలాదారుకు చెబితే, మరో పూటకు వేరే ముఖంతో వస్తున్నాడు. మళ్లీ దొంగే అయిపోతున్నాడు. ఇక ముఖం వదిలేసి ఇంటి చిరునామా ఇచ్చాను. ఆ ఫోల్డరులో ఉన్నదేదీ ముట్టుకోవద్దని పెట్టాను. ఎర్ర డబ్బాలు ఆగిపోయాయి.

డబ్బాలు ఎందుకు వచ్చాయో అలా తేలింది. ఎలా పోయాయో తేలలేదు. ఆనాటి నుంచి బాణం తనంతట తాను కదిలిందని మూడు కాంటాల్లో ఎవరూ చెప్పలేదు.

కుర్చీ నాకే ఉంది. ఒక్కోసారి అందరూ భోజనానికి వెళ్లాక మౌస్‌ను వెల్లకిలా తిప్పి కూర్చుంటాను. ఆ సంగతి ఇక్కడ రాయకపోయినా పోయేది.

మొన్న సెక్యూరిటీ సాఫ్ట్‌వేరు అప్‌డేట్ అయినప్పుడు నేను పెట్టిన మినహాయింపు చెరిగిపోయింది. చర్లలో ఎర్ర డబ్బా వచ్చింది. భద్రమ్మ ఫోన్ చేసింది. ఇలాంటి దానికి ఆమె నాకు ఫోన్ చేయడం ఎన్నో నెలల తర్వాత ఇదే.

నేను పని మొదలుపెట్టాను. లైను రెండుసార్లు తెగింది. పాస్‌వర్డ్ ఒకసారి తప్పు కొట్టాను. ఫోనులో లారీ హారన్లు వినిపిస్తున్నాయి.

"జర జల్ది సార్. అప్పట్ల ఎంత జల్ది అవుతుండె!" అంది.

"చేస్తున్నానమ్మా."

"అప్పటి లెక్కనే చెయ్యుండ్రి సార్, గంతే. గప్పుడెట్ల చేసిండ్రు?"

ఫైలు ఇంకా సగం దారిలోనే ఉంది.

"గప్పుడు చేసింది మీరే గదా సార్? సేటు చెప్పిండు."

"రికార్డులో నా పేరే ఉంది భద్రమ్మా" అన్నాను.

లైను తెగిపోలేదు, ఆమె ఊపిరి వినిపిస్తూనే ఉంది. నా లెక్క కూడా ఆ పేరు దగ్గరే ఆగిపోయి ఉంది.